అమ్మకం ఆగిపోతే వకీలు ఖర్చులు ఎవరు భరించాలి?

ఈసారి శీర్షికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే చిక్కుకు సంబంధించినవి. ఇల్లో స్థలమో కొనడానికి, అమ్మడానికి ఒప్పందం కుదిరి, రిజిస్ట్రేషన్ జరగకుండానే వ్యవహారం ఆగిపోయినప్పుడు అడ్వాన్సు సంగతి అందరూ మాట్లాడతారు. అప్పటికే వకీళ్లకు, బ్యాంకుకు, స్టాంపులకు పెట్టిన డబ్బు గురించి మాత్రం ఎవరూ సరిగా చెప్పరు. కాబట్టి ఆ ఖర్చుల గురించే వివరంగా రాస్తున్నాము.

ప్రశ్న: మేము ఒక ఇల్లు కొనడానికి అగ్రిమెంటు రాసుకుని అడ్వాన్సు చెల్లించాము. ఆ తరువాత మా వకీలు గారు లింకు డాక్యుమెంట్లు పరిశీలించినప్పుడు, అమ్ముతున్న వ్యక్తి సోదరికి కూడా ఆ ఇంట్లో వాటా ఉన్నదని తేలింది. ఆమె సంతకం చేయనన్నారు. అమ్మేవారు అడ్వాన్సు తిరిగి ఇస్తామంటున్నారు గానీ, వకీలు ఫీజు, లోను కోసం బ్యాంకుకు కట్టిన ప్రాసెసింగ్ ఫీజు తమకు సంబంధం లేదంటున్నారు. మా తప్పు ఏమీ లేనప్పుడు ఈ ఖర్చు మేమెందుకు భరించాలి? కోర్టుకు వెళితే వస్తుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనది, చట్టం కూడా చాలావరకు మీ పక్షానే ఉన్నది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే, దానిని అమ్మేవారు ముందుగా చెప్పి తీరాలి. సోదరికి వాటా ఉన్నదన్న సంగతి సోదరుడికి తెలియకుండా ఉండే అవకాశం తక్కువ. ఇక ఒప్పందాన్ని ఒకరు ఉల్లంఘించినప్పుడు, దానివల్ల సహజంగా రెండోవారికి కలిగే నష్టాన్ని భర్తీ చేయాలని కాంట్రాక్టు చట్టం, 1872లోని 73వ సెక్షన్ చెబుతున్నది. అగ్రిమెంటు మీద నమ్మకంతో మీరు లోనుకు దరఖాస్తు చేసి కట్టిన ఫీజు, పత్రాల పరిశీలనకు వకీలుకు ఇచ్చిన ఫీజు ఈ కోవలోకి వస్తాయని గట్టిగా వాదించవచ్చు.

అయితే మీరు పెట్టిన ప్రతి రూపాయీ ఒకే గాటన రాదు. అగ్రిమెంటు రాసుకోవడానికి ముందే, కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి చేసిన ఖర్చు మీ నిర్ణయం కోసం మీరు చేసుకున్నది కనుక దానిని ఎదుటివారి మీద వేయడం కష్టం. అగ్రిమెంటు తరువాత, దానిని అమలు చేయడం కోసమే చేసిన ఖర్చు బలమైనది. ఈ ఇల్లు చేజారినందువల్ల మరో ఇంటి కోసం తిరిగిన శ్రమ, పోయిన సెలవులు, మనస్తాపం వంటివి దూరపు నష్టాలు. వాటిని 73వ సెక్షనే మినహాయించింది. అందువల్ల మీ ఖర్చులను తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి, అగ్రిమెంటు తేదీ దగ్గర గీత గీసి, ఆ గీత కింద ఉన్నవాటి మీదనే పట్టుబట్టండి.

ఆ ఖర్చులకు రుజువు కావాలి. బ్యాంకు ఫీజుకు రశీదు తప్పకుండా ఉంటుంది. వకీలు ఫీజు నగదుగా ఇచ్చి రశీదు తీసుకోని వారు చాలామంది. మీరూ అలాగే చేసి ఉంటే, ఏ పనికి, ఏ తేదీన, ఎంత తీసుకున్నారో ఆయన సంతకంతో రశీదు ఇప్పుడైనా అడిగి తీసుకోండి. అది మీ పేరున ఉండాలి, పరిశీలించిన ఆస్తి వివరం అందులో కనిపించాలి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. కేవలం ఈ ఖర్చుల కోసం కోర్టుకు వెళ్లవచ్చా అంటే వెళ్లవచ్చు, కాని వెళ్లమని నేను సలహా ఇవ్వను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం గెలిచినవారికి ఓడినవారు ఖర్చులు చెల్లించడం సాధారణ సూత్రం. గెలిచినవారికి నిజంగా అయిన సమంజసమైన ఖర్చులు దక్కాలని సుప్రీంకోర్టు 2005లో స్పష్టంగా చెప్పింది కూడా. అయినా ఆచరణలో డిక్రీలో వేసే వకీలు ఫీజు నిబంధనల్లోని పట్టిక ప్రకారం లెక్కిస్తారు కనుక, మీరు నిజంగా ఇచ్చినదానిలో అది కొంత భాగమే అవుతుంది. ఎదుటివారిది తెలిసి తెలిసి వేసిన తప్పుడు వాదన అని తేలినా, 35ఏ సెక్షన్ కింద ఇప్పించగల అదనపు పరిహారం 3,000 రూపాయలకు మించదు. కొద్దిపాటి ఖర్చు రాబట్టుకోవడానికి అంతకంటే పెద్ద ఖర్చు నెత్తిన వేసుకోవడం మీకు మేలు చేయదు.

అందువల్ల అడ్వాన్సు, దాని మీద వడ్డీ, అగ్రిమెంటు తరువాతి ఖర్చులు, ఈ మూడింటినీ ఒకే నోటీసులో అడిగి, రశీదుల నకళ్లు జతచేసి పంపించండి. అమ్మేవారు అడ్వాన్సు ఇస్తామంటున్నారు కనుక రాజీకి దారి మూసుకుపోలేదు. మాట కుదరకపోతే, దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ ఫీజు ఉండదు, ఇరువురూ ఒప్పుకుంటే వెలువడే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. అగ్రిమెంటు మీ పేరున ఉంటే ఈ హక్కును తప్పకుండా వాడుకోండి. అడగడానికి మొహమాటపడి ఎంతోమంది దీనిని వదులుకుంటున్నారు.

అడ్వాన్సు తిరిగి తీసుకునే రోజున ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. డబ్బు ఇస్తూ మీ చేత రాయించుకునే కాగితంలో “ఈ లావాదేవీకి సంబంధించి మాకు ఇక ఏ విధమైన బాకీ లేదు” అన్న వాక్యం ఉండి, దాని కింద మీరు సంతకం పెడితే ఖర్చుల మాట అంతటితో ముగిసిపోతుంది. ఖర్చుల సంగతి ఇంకా తేలకపోతే, “అడ్వాన్సు మొత్తం మాత్రమే ముట్టినది, ఖర్చులు, వడ్డీకి సంబంధించిన మా హక్కు యథాతథంగా ఉన్నది” అని రాయించి సంతకం చేయండి. డబ్బు మీ ఖాతాలో జమ అయ్యేవరకు అసలు అగ్రిమెంటు వదలవద్దు. స్థిరాస్తి అడ్వాన్సు 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని ఉంటే దానిని నగదుగా తీసుకోవడం, నగదుగా తిరిగి ఇవ్వడం 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం కింద నిషిద్ధం. ఉల్లంఘిస్తే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. కాబట్టి చెక్కు ద్వారా గాని ఖాతా బదిలీ ద్వారా గాని తీసుకోండి.

ఒకవేళ అమ్మేవారు మాట మార్చి అడ్వాన్సు కూడా ఇవ్వకపోతే అప్పుడు దావా తప్పదు. న్యాయమైన కారణంతో ఆస్తిని స్వీకరించడానికి నిరాకరించిన కొనుగోలుదారుకు, చెల్లించిన డబ్బుకు, దాని వడ్డీకి, బయానాకు, చివరకు అటువంటి దావాలో కోర్టు ఇప్పించిన ఖర్చులకు కూడా, అమ్మేవారికి ఆ ఆస్తిలో ఉన్న హక్కు మేరకు దాని మీద చార్జి, అంటే ఆ బాకీకి ఆస్తే పూచీగా నిలిచే హక్కు, ఉంటుందని 55వ సెక్షనే చెబుతున్నది. ఈ వెసులుబాటు సంగతి చాలామందికి తెలియదు. దావాలో ఏది కావాలో అది విడిగా అడగాలి. ఒప్పందాన్ని అమలు చేయమని కోరే దావాలో అడ్వాన్సు వాపసును ప్రత్యేకంగా కోరకపోతే కోర్టు ఇవ్వజాలదని నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 22వ సెక్షన్ అంటున్నది. సుప్రీంకోర్టు 2022లో దీనినే మళ్లీ ధ్రువీకరించింది. అమలు కోరే దావాకు కోర్టు ఫీజును సాధారణంగా ఒప్పందంలోని ధర మొత్తం మీద లెక్కిస్తారు. వాపసు మాత్రమే కోరితే అడిగిన సొమ్ము మీదనే లెక్కిస్తారు. సోదరి సంతకం చేయనన్నప్పుడు ఆ ఇల్లు మొత్తం మీకు దక్కే మార్గం ఎలాగూ లేదు కనుక, రెండో దారే మీకు తక్కువ ఖర్చుతో పోతుంది. అమలు కోరడానికి గడువు మూడేళ్లు. వాపసు విషయంలో కూడా మూడేళ్లు దాటనివ్వకండి.

ప్రశ్న: నేను నా స్థలం అమ్మడానికి అగ్రిమెంటు రాశాను. కొనేవారు బయానాతో పాటు తరువాత మరో విడత కూడా చెల్లించి, గడువు దాటినా మిగతా డబ్బు తేలేదు. పత్రాలు సిద్ధం చేయించడానికి, నోటీసులకు వకీలుకు నేను బాగానే ఖర్చు పెట్టాను. తీసుకున్న మొత్తం డబ్బు జప్తు చేసుకుని, ఈ ఖర్చు విడిగా వసూలు చేయవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: మొత్తం జప్తు చేసుకోవడానికి మీకు హక్కు లేదు. ఒప్పందానికి కట్టుబడి ఉంటానన్న హామీగా ఇచ్చే బయానా వేరు, ధరలో భాగంగా ఇచ్చే విడత వేరు. తప్పు కొనేవారిదైతే బయానాను మాత్రమే జప్తు చేసుకోవచ్చునని, ధరలో భాగంగా వచ్చినది తిరిగి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. అగ్రిమెంటులో ఆ మొదటి చెల్లింపును ఏమని రాశారు, తప్పితే జప్తు అవుతుందన్న షరతు ఉన్నదా అన్నవి ముందుగా చూసుకోండి.

బయానా విషయంలో కూడా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. ఒప్పందంలో ఎంత రాసుకున్నా, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే లేని చోట పరిహారం కూడా లేదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. ఇక్కడే మీ వకీలు ఖర్చుకు చోటు ఉన్నది. దానిని బయానాకు అదనంగా విడిగా అడగడం కంటే, బయానాను ఎందుకు ఉంచుకుంటున్నారో చూపించే లెక్కలో మొదటి పద్దుగా పెట్టండి. అదే స్థలాన్ని తరువాత ఇంకొకరికి తక్కువ ధరకు అమ్మవలసి వస్తే ఆ తేడా రెండో పద్దు అవుతుంది. ఎక్కువ ధరకే అమ్ముడుపోతే మీ వాదన బలహీనపడుతుందని కూడా గ్రహించాలి.

ఇంకొకరికి అమ్మే ముందు, పాత ఒప్పందాన్ని ఎందుకు రద్దు చేస్తున్నారో, ఎంత ఉంచుకుని ఎంత తిరిగి ఇస్తున్నారో వివరంగా నోటీసు ఇచ్చి, తిరిగి ఇవ్వవలసిన సొమ్మును వెంటనే పంపించండి. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకుని బేరం చేస్తూ కూర్చుంటే, కొనేవారు దావా వేయడానికి మీరే కారణం చూపించినట్లవుతుంది. ఆ దావా నడిచినంత కాలం కొత్తగా కొనేవారు ముందుకు రారు. జప్తు చేసుకున్న అడ్వాన్సు 2014-15 ఆర్థిక సంవత్సరం నుంచి ఇతర ఆదాయంగా పన్నుకు లోనవుతోంది కనుక, ఆ సంవత్సరపు రిటర్నులో దానిని చూపించడం మరచిపోవద్దు.

ప్రశ్న: మేము త్వరలో అగ్రిమెంటు రాసుకోబోతున్నాము. వ్యవహారం ఆగిపోతే ఖర్చుల గొడవ రాకుండా ముందే ఏమి రాసుకోవాలి?
— ఒక పాఠకుడు

జవాబు: ఇంత ముందుచూపుతో అడిగినందుకు సంతోషం. మిగతా ఉత్తరాలు రాసినవారి ఇబ్బందులు చాలావరకు, అగ్రిమెంటులో రెండు మూడు వాక్యాలు లేకపోవడం వల్ల వచ్చినవే.

మొదట, వీలైతే పత్రాల పరిశీలన పూర్తయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి. ఎదుటివారు ఆగలేమంటే చిన్న మొత్తం మాత్రం ఇచ్చి, మీ వకీలు హక్కులు సక్రమమని లిఖితపూర్వకంగా చెప్పిన తరువాతే ఒప్పందం కట్టుబాటు అవుతుందని రాయించండి. ఆ తరువాత ఖర్చుల షరతు ఇలా ఉండవచ్చు: “అమ్మకందారు హక్కులో లోపం వల్ల గాని, అమ్మకందారు నిరాకరించడం వల్ల గాని రిజిస్ట్రేషన్ జరగని పక్షంలో, అడ్వాన్సుతో పాటు, ఈ ఒప్పందం తేదీ తరువాత కొనుగోలుదారు న్యాయ పరిశీలనకు, రుణం దరఖాస్తుకు రశీదులతో చేసిన ఖర్చులను, ఇరువురూ అంగీకరించిన గరిష్ఠ మొత్తానికి లోబడి, అమ్మకందారు చెల్లించవలెను.” కొనేవారు వెనక్కి తగ్గితే అమ్మేవారి ఖర్చులకు కూడా ఇటువంటి వాక్యమే ఉండాలి. ఒకవైపు మాత్రమే రాసుకున్న షరతును ఎదుటివారు మనస్ఫూర్తిగా ఒప్పుకోరు. గరిష్ఠ మొత్తం సమంజసంగా ఉంటే 74వ సెక్షన్ కింద వివాదానికి ఆస్కారం తగ్గుతుంది.

ఎవరి తప్పూ లేకుండా ఆగిపోయే సందర్భం గురించి చాలామంది ఆలోచించరు. బ్యాంకు లోను ఇవ్వకపోవడం ఇందులో ముఖ్యమైనది. షరతు ఏదీ లేకపోతే లోను రాకపోవడం కొనేవారి తప్పుగానే లెక్కకు వస్తుంది, బయానా పోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఫలానా తేదీలోగా లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు పూర్తిగా వాపసు అవుతుందని, ఎవరి ఖర్చులు వారే భరిస్తారని రాసుకోండి. మీరు కొనేది బిల్డరు కడుతున్న ఫ్లాటు అయి, ఆ ప్రాజెక్టు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం) పరిధిలోకి వస్తే, 2016 నాటి ఆ చట్టం మీకు అదనపు రక్షణ ఇస్తుంది. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. ఒప్పుకున్న ప్రకారం అప్పగించలేకపోతే, మీరు వైదొలగాలనుకున్నప్పుడు వడ్డీతో సహా డబ్బు, పరిహారం ఇవ్వవలసి ఉంటుంది.

ప్రశ్న: మా స్థలం అమ్మకం మధ్యలో ఆగిపోయింది. పూర్తి ఫీజు చెల్లిస్తేనే మా అసలు దస్తావేజులు తిరిగి ఇస్తానని మా వకీలు అంటున్నారు. రిజిస్ట్రేషనే జరగలేదు కదా, పూర్తి ఫీజు ఎందుకివ్వాలి?
— ఒక పాఠకుడు

జవాబు: ఇవి రెండు వేర్వేరు విషయాలు, వీటిని కలపనివ్వకండి. ఫీజు బాకీ ఉన్నదన్న కారణంతో కక్షిదారుల పత్రాలను అట్టే పెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. మీ దస్తావేజులు తిరిగి ఇవ్వవలసిందిగా, ఏయే పత్రాలు ఏ తేదీన అప్పగించారో జాబితా రాసి, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లవద్దు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక అక్కడ మీ సమయం వృథా అవుతుంది.

ఫీజు విషయంలో మాత్రం న్యాయవాది పక్షం కూడా ఆలోచించాలి. పత్రాలు చదవడం, అగ్రిమెంటు రాయడం, ఎదుటివారి వకీలుతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం, ఇవన్నీ అమ్మకం జరిగినా జరగకపోయినా చేసిన పనులే. అందుకు తగిన ఫీజు ఆయనకు రావాలి. రిజిస్ట్రేషన్ దస్తావేజు తయారీ వంటి చేయని పనులకు మీరు చెల్లించనవసరం లేదు. చేసిన పనుల వివరం రాతపూర్వకంగా అడిగి, ఆ మేరకు లెక్క కట్టి ఇస్తానని చెబితే చాలావరకు సమసిపోతుంది. ఇకముందు ఏ వకీలును పెట్టుకున్నా, పరిశీలనకు ఇంత, అగ్రిమెంటుకు ఇంత, రిజిస్ట్రేషన్‌కు ఇంత అని దశలవారీగా మొదటే రాయించుకోండి. అడ్వాన్సు రాబడితే అందులో ఇంత శాతం తనకివ్వాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కేసు ఫలితం మీద ఆధారపడిన ఫీజును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ కోసం స్టాంపు డ్యూటీ కట్టేశాము. చివరి నిమిషంలో అమ్మేవారు రానన్నారు. ఆ డబ్బు పోయినట్లేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: పోయినట్లు కాదు, కాని ఆలస్యం చేయకూడదు. దస్తావేజు పూర్తికాకుండా వ్యవహారం ఆగిపోయినప్పుడు స్టాంపుల విలువ వాపసు కోరే వీలును భారత స్టాంపు చట్టం, 1899 కల్పించింది. సాధారణంగా ఆరు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. వాడని స్టాంపుల మీద రూపాయికి పది పైసల చొప్పున మినహాయించి మిగతాది ఇస్తారు. రాష్ట్రాన్ని బట్టి గడువులోను, పద్ధతిలోను మార్పులు ఉంటాయి కనుక, చలానా నకలు, సంతకం కాని దస్తావేజు, అమ్మేవారు నిరాకరించినట్లు తెలిపే ఉత్తరం గాని నోటీసు గాని తీసుకుని ఈ వారమే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించండి. మినహాయింపు కింద పోయిన మొత్తాన్ని అమ్మేవారి నుంచి కోరే మీ ఖర్చుల జాబితాలో చేర్చండి.